కలిసి చదివిన వారి హక్కు

సొంత అన్నదమ్ముల తర్వాత మనిషికి దీర్ఘకాలం తోడుండే బంధం కలిసి చదువుకున్న వారిది. ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే ఉస్తాద్ చేత చీవాట్లు తిని, ఒకరి టిఫిన్ డబ్బాలోంచి మరొకరు తిన్నవారు ముప్ఫై ఏళ్ల తర్వాత బజారులో ఎదురైనా 'ఏరా, ఎలా ఉన్నావ్?' అనే పలకరించుకుంటారు. ఒకరు డాక్టరై, మరొకరు పంక్చర్ షాపు పెట్టుకున్నా ఆ పలకరింపు మారదు. ఉర్దూలో ఇలాంటి వారిని 'హమ్‌జమాత్', 'హమ్‌సబక్' అంటారు. అంటే ఒకే తరగతి వారు, ఒకే పాఠం చదివినవారు అని అర్థం.

ఈ బంధాన్ని గుర్తుచేసుకునే ఆనవాయితీ మన ఊళ్లలో బాగా పెరిగింది. పదో తరగతి బ్యాచ్‌ల వారు ఫంక్షన్ హాలు తీసుకుని కలుసుకుంటున్నారు. పాత ఉపాధ్యాయులకు శాలువాలు కప్పుతున్నారు. కలిసి భోంచేసి, ఫోటోలు దిగి వెళుతున్నారు. సంతోషించదగిన విషయమే. కాని స్నేహం విలువ తేలేది విందు రోజున కాదు. అదే బ్యాచ్‌లో ఒకరు మంచాన పడినప్పుడు, ఒకరి ఇంట్లోంచి జనాజా లేచినప్పుడు తేలుతుంది. మరణవార్త తెలియగానే ఫోనులో 'ఇన్నాలిల్లాహి' సందేశాలు గంటలో యాభై వచ్చి, జనాజా నమాజు సఫ్‌లో ఆ యాభై మందిలో ఐదుగురైనా కనిపించకపోతే ఆ స్నేహాన్ని ఏమనాలి? ఈ బంధానికి ధర్మంలో ఉన్న హక్కులేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మొదటి హక్కు: లేని మనిషిని గమనించడం

సుననె నసాయీలో హజ్రత్ ఖుర్రా బిన్ ఇయాస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (సఅసం) కూర్చుంటే సహచరులు ఆయన చుట్టూ చేరి కూర్చునేవారు. వారిలో ఒకాయనకు ఒక చిన్న కొడుకు ఉండేవాడు. ఆ పిల్లవాడు వెనకనుంచి వచ్చేవాడు, తండ్రి వాడిని తీసుకుని తన ముందు కూర్చోబెట్టుకునేవాడు. కొన్నాళ్లకు ఆ పిల్లవాడు చనిపోయాడు. హల్ఖాకు వెళితే కొడుకు గుర్తుకొస్తాడన్న దుఃఖంతో ఆ తండ్రి రావడం మానేశాడు.

దైవప్రవక్త (సఅసం) ఆ ఖాళీని గమనించారు. ఫలానా వ్యక్తి కనిపించడం లేదేమని విచారించారు. విషయం తెలుసుకుని ఆయన్ని కలిసి ఓదార్చారు. ఆ కొడుకుతో జీవితాంతం సుఖంగా గడపడం ఇష్టమా, లేక రేపు స్వర్గంలో ఏ ద్వారం దగ్గరికి వెళ్లినా వాడు ముందే చేరి తలుపు తెరవడం ఇష్టమా అని అడిగారు. రెండోదే ఇష్టమని ఆ తండ్రి అన్నాడు. అది నీకు లభిస్తుందని ఆయన శుభవార్త ఇచ్చారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. దుఃఖంలో ఉన్న మనిషి వచ్చి తన బాధ చెప్పుకోలేదు, రావడం మానేశాడంతే. నిజమైన దుఃఖం తరచూ ఇలాగే ఉంటుంది. అప్పుల్లో పడ్డవాడు, జబ్బు చేసినవాడు, భార్యనో బిడ్డనో పోగొట్టుకున్నవాడు స్నేహితుల మధ్యకు రాడు. పిలిచినా ఏదో సాకు చెబుతాడు. 'వాడు గర్వం నేర్చాడు, మనల్ని మరచిపోయాడు' అని మిగతావారు అనుకుంటారు. కాని ప్రవక్త (సఅసం) సున్నతు ఏమిటంటే, రాని మనిషి గురించి అనుమానపడటానికి ముందు విచారించడం. మీ తరగతిలో ఐదేళ్లుగా ఎవరికీ కనిపించని పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి.

సుఫ్ఫా విద్యార్థులు

మన చరిత్రలో సహాధ్యాయుల మొదటి సమూహాలలో ముఖ్యమైనది అస్హాబె సుఫ్ఫా. మస్జిదె నబవీలో నీడ కోసం కప్పు వేసిన ఒక అరుగు మీద వారు నివసించేవారు. ఇల్లూ వాకిలీ లేనివారు, విద్య కోసం వచ్చినవారు. హజ్రత్ అబూహురైరా (రజి) వారిలో ఒకరు. ఒకరోజు ఆయన ఆకలితో అల్లాడుతుండగా దైవప్రవక్త (సఅసం) ఇంటికి ఒక గిన్నెడు పాలు వచ్చాయి. సుఫ్ఫా వారందరినీ పిలుచుకు రమ్మని ప్రవక్త (సఅసం) ఆజ్ఞాపించారు. ఇంతమందికి ఈ కొద్దిపాలు ఏం సరిపోతాయి, నాకేం మిగులుతుందని ఆయనకు అనిపించిందట. అయినా పిలిచారు. గిన్నె ఒక్కొక్కరి చేతికి ఇచ్చి, అందరూ తృప్తిగా తాగిన తర్వాతే ఆయన తాగారు. ఆ పాలలో అల్లాహ్ శుభం ప్రసాదించాడు. ఈ వృత్తాంతం సహీ బుఖారీలో ఉంది. తాను ఆకలితో ఉండి కూడా తోటి విద్యార్థుల తర్వాత తాగడం అనే శిక్షణ వారికి అలా లభించింది.

అదే కాలంలో 'ఖుర్రా' అని పిలువబడిన అన్సార్ యువకులు ఉండేవారు. రాత్రివేళ ఖుర్ఆన్ చదువుకునేవారు, చదివించేవారు. పగలు మస్జిదుకు నీళ్లు తెచ్చిపెట్టేవారు, కట్టెలు కొట్టి అమ్మి ఆ డబ్బుతో సుఫ్ఫా వారికీ, పేదలకూ ఆహారం కొనేవారని సహీ ముస్లింలో ఉంది. హిజ్రీ 4వ సంవత్సరంలో బిరె మఊనా దగ్గర వారిని మోసగించి చంపారు. ఉల్లేఖనాల ప్రకారం వారు 70 మంది. దైవప్రవక్త (సఅసం) అంతగా దుఃఖించడం తానెన్నడూ చూడలేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ఆయన నెల రోజులపాటు నమాజులో ఖునూత్ చదివారు. విద్యార్థుల మరణానికి అంతటి దుఃఖం చెందడం, కలిసి చదివిన బంధం ఎంత గొప్పదో మనకు తెలియజేస్తోంది.

ఈ శిక్షణ ఆనవాళ్లు నేటికీ మన మద్రసాల్లో కనిపిస్తాయి. హైదరాబాద్ జామియా నిజామియాలోగాని, 1924లో స్థాపించబడిన ఉమరాబాద్ జామియా దారుస్సలాంలోగాని, 1866లో మొదలైన దేవ్‌బంద్ దారుల్ ఉలూంలోగాని మన తెలుగు జిల్లాల పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా ఏళ్ల తరబడి చదువుకుంటారు. రాత్రిపూట ఒక పిల్లవాడికి జ్వరం వస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసేది పక్కన పడుకున్న పిల్లవాడే. అది ఎవరూ నేర్పకుండానే చేస్తాడు. చదువు ముగిశాక ఆ చేయి ఎందుకు వెనక్కి పోవాలి?

రోగి పరామర్శ

ముస్లిముపై ముస్లిముకు గల హక్కుల్లో రోగి పరామర్శ ఒకటని, జనాజా వెంట వెళ్లడం మరొకటని హదీసుల్లో స్పష్టంగా ఉంది. సహీ ముస్లింలోని ఒక హదీసె ఖుద్సీ భావం విశ్వాసిని వణికించేలా ఉంటుంది. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, నేను జబ్బుపడితే నీవు నన్ను పరామర్శించలేదేమని నిలదీస్తాడు. సర్వలోకాల ప్రభువైన నిన్ను నేనెలా పరామర్శించగలనని దాసుడు అంటాడు. నా ఫలానా దాసుడు జబ్బుపడ్డాడని నీకు తెలుసు, అయినా వెళ్లలేదు, వెళ్లి ఉంటే నన్ను అతని దగ్గరే పొందేవాడివని అల్లాహ్ తెలియజేస్తాడు. ఆ 'ఫలానా దాసుడు' మన పక్క బెంచీలో కూర్చున్నవాడే కావచ్చు.

పరామర్శకు కొన్ని మర్యాదలున్నాయి. ఎక్కువసేపు కూర్చోకూడదు. 'మా బంధువుకూ ఇదే జబ్బు, బతకలేదు' వంటి మాటలు నోట రాకూడదు. దైవప్రవక్త (సఅసం) రోగి దగ్గరికి వెళితే, పరవాలేదు, అల్లాహ్ తలిస్తే ఇది పాపాలను కడిగే పరిశుద్ధతే అన్న భావంతో ధైర్యం చెప్పేవారు. రోగి స్వస్థత కోసం మహోన్నత సింహాసనానికి ప్రభువైన అల్లాహ్‌ను ఏడుసార్లు వేడుకునే దుఆ కూడా నేర్పారు. ప్రతి ఇంటివారూ దానిని కంఠస్థం చేయాలి.

పాత స్నేహితుడు మాత్రమే చేయగల సేవ ఒకటి ఉంది. హజ్రత్ ఖబ్బాబ్ (రజి) తీవ్ర వ్యాధిలో ఉన్నప్పుడు కొందరు ఆయన్ని పరామర్శించడానికి వెళ్లారు. ఆయన తన నొప్పి గురించి కాక, ప్రవక్త (సఅసం)తో కలిసి హిజ్రత్ చేసిన రోజుల గురించి మాట్లాడారు. ఉహద్‌లో అమరుడైన ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)ను తలచుకున్నారు. ఆయన కఫన్‌గా ఒక్క దుప్పటే దొరికిందని, తల కప్పితే కాళ్లు, కాళ్లు కప్పితే తల బయటపడేదని, చివరికి తల కప్పి కాళ్లమీద ఇజ్ఖిర్ గడ్డి వేశామని చెప్పారు. మంచాన ఉన్న మనిషి మనసు పాత సహచరుల వైపు పోతుంది. డాక్టరు మందు ఇవ్వగలడు, కొడుకు ఆసుపత్రి బిల్లు కట్టగలడు. ఆ పాత రోజుల్లో వెంట ఉన్నవాడు మాత్రమే పక్కన కూర్చుని 'అవునురా, నాకూ గుర్తుంది' అనగలడు. కాబట్టి వెళ్లినప్పుడు ఆయన చెప్పేది వినండి.

వైద్య ఖర్చు - జకాత్ నియమాలు

వ్యాధి మనిషితోపాటు ఇంటినీ పడగొడుతుంది. మిత్రులు చందా వేసుకునేటప్పుడు ఈ విషయాలు దృష్టిలో ఉంచుకోవాలి. మేము ఇక్కడ హనఫీ ఫిఖహ్ ప్రకారం వివరిస్తున్నాము.

జబ్బు వల్ల స్నేహితుడు నిసాబ్ స్తోమత కోల్పోయి ఉంటే, అతను సయ్యద్ వంశీయుడు కాకుంటే, అతనికి జకాత్ ఇవ్వవచ్చు. ఇది జకాత్ అని చెప్పనవసరం లేదు. ఈదీ అనో, పిల్లల కోసమనో ఇచ్చినా సంకల్పం ఉంటే చాలు. అతని ఆత్మగౌరవం కాపాడటం కూడా పుణ్యమే. జకాత్ సొమ్ము అతని యాజమాన్యంలోకి వెళ్లాలి. ఆసుపత్రిలో నేరుగా బిల్లు కట్టదలిస్తే ముందుగా అతని అనుమతి తీసుకోవాలి. అతను మనకు బాకీ ఉంటే 'నీ బాకీ మాఫీ, అది నా జకాత్' అంటే జకాత్ నెరవేరదు. సయ్యద్ మిత్రుడికి, నిసాబ్ ఉండి ఇబ్బందుల్లో ఉన్న మిత్రుడికి సదఖా, కానుక రూపంలో సాయపడాలి. అందుకే చందా సొమ్మును జకాత్, ఇమ్దాద్ అని రెండు వేర్వేరు లెక్కలుగా రాసుకోవాలి.

డబ్బు లేనివారు శ్రమతో సాయపడవచ్చు. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల కాగితాలు సిద్ధం చేయడం, రక్తం ఇవ్వడం, రాత్రి ఆసుపత్రిలో తోడు పడుకోవడం, అతని దుకాణాన్ని నాలుగు రోజులు చూసుకోవడం, ఇవన్నీ ఇయాదత్‌లో భాగమే.

మరణం తర్వాత మూడు పనులు

మొదటిది జనాజా. నమాజులో పాల్గొన్నవారికి ఒక ఖీరాత్, ఖననం వరకు ఉన్నవారికి రెండు ఖీరాత్‌ల పుణ్యం లభిస్తుందని, అవి రెండు పెద్ద పర్వతాలంత అని బుఖారీ, ముస్లింలలో ఉంది. గుసుల్ ఇవ్వడంలో సాయపడినవారు మృతుని శరీరంలో ఏదైనా లోపం చూస్తే దాచాలి.

రెండవది ఆహారం. హిజ్రీ 8లో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త అందగానే దైవప్రవక్త (సఅసం) జాఫర్ ఇంటివారికి భోజనం తయారుచేయమని ఆదేశించారు. వారికి దిక్కుతోచని కష్టం వచ్చిపడిందని కారణం చెప్పారు. అంటే వండవలసింది ఇరుగు పొరుగు, బంధుమిత్రులు. మన దగ్గర చాలాచోట్ల ఇది తలకిందులైంది. కన్నీళ్లు ఆరకముందే ఆ ఇంటివారు మూడో రోజుకు, పదో రోజుకు, నలభయ్యో రోజుకు డేగిశాలు ఎక్కించడానికి అప్పు చేస్తున్నారు. మిత్రుడి భార్య మెడలోని గొలుసు తాకట్టుపెట్టి వండిన బిర్యానీని మిత్రులే కూర్చుని తినడం ఎంత శోచనీయం! 'మా కోసం ఏమీ చేయవద్దు, మేమే తెస్తాము' అని చెప్పగలిగేది దగ్గరి స్నేహితులే.

మూడవది అప్పు. ఒకసారి ఒక జనాజా తెచ్చారు. మృతునికి అప్పుందని, తీర్చడానికి ఏమీ వదలలేదని తెలిసి, మీ మిత్రుని నమాజు మీరే చేయండని దైవప్రవక్త (సఅసం) సహాబాలతో అన్నారు. అప్పుడు హజ్రత్ అబూఖతాదా (రజి) ముందుకొచ్చి ఆ అప్పు తన బాధ్యత అన్నారు. తర్వాతే ప్రవక్త (సఅసం) నమాజు చేయించారు. మృతుని ఆస్తిలోంచి కఫన్, ఖననం ఖర్చు పోగా మొదట అప్పులు తీర్చాలి. తర్వాత మూడో వంతుకు మించని వసీయత్ అమలు చేయాలి. ఆ పిమ్మటే వారసత్వ పంపకం. ఆస్తి లేకుంటే మిత్రులు తలా కొంత వేసుకుని అప్పు తీర్చడం అబూఖతాదా (రజి) బాట. దీనికి జకాత్ వాడకూడదు, మృతుడు యజమాని కాలేడు గనుక. సదఖా సొమ్ము ఇవ్వాలి.

నాలుగో రోజు నుంచి

తాజియత్‌కు వచ్చే జనం మూడు రోజుల తర్వాత తగ్గిపోతారు. ఆ ఇంటి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. జాఫర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖనం సుననె అబూదావూద్‌లో ఉంది. దైవప్రవక్త (సఅసం) మూడు రోజుల తర్వాత మళ్లీ వారింటికి వచ్చారు. ఇకపై నా సోదరుని కోసం ఏడవవద్దన్నారు. పిల్లలను పిలిపించారు. అప్పుడు తాము పక్షి పిల్లల్లా ఉన్నామని అబ్దుల్లాహ్ (రజి) గుర్తుచేసుకున్నారు. మంగలిని పిలిపించి వారి తలలు గొరిగించారు. తండ్రి పోయిన ఇంట్లో పిల్లల జుట్టు సంగతి ఎవరు చూస్తారు? ఆయన చూశారు. అనాథల తల్లి బెంగ చెప్పుకోగా, ఇహపరాలలో వారి సంరక్షకుణ్ణి నేనుండగా పేదరికం గురించి భయమెందుకని ధైర్యం చెప్పారని ముస్నద్ అహ్మద్‌లో ఉంది.

మనం కూడా చిన్న పనులు చూడాలి. 21 రోజులలోగా మరణాన్ని నమోదు చేయించి ధ్రువపత్రం తెప్పించాలి. పింఛను, బ్యాంకు కాగితాలు చూడాలి. పిల్లల ఫీజు కట్టాలి. ఒక బ్యాచ్‌లో 20 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు నెలకు 200 రూపాయలు పక్కన పెడితే నెలకు 4,000, ఏడాదికి 48,000 అవుతుంది. ఒక సమ్మేళనానికి పెట్టే ఖర్చుతో ఒక అనాథ చదువు నడుస్తుంది. అనాథను పోషించేవారు స్వర్గంలో తనకు రెండు వేళ్లంత దగ్గరగా ఉంటారని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నింపుకునేది అగ్నినేనని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా హెచ్చరిస్తోంది. కాబట్టి ప్రతి పైసాకూ లెక్క ఉండాలి.

హద్దులు కూడా మరువరాదు. మిత్రుని భార్య మనకు వదిన వంటిదే అయినా నామహ్రమే. సాయం ఆమె తండ్రి, అన్నదమ్ముల ద్వారా చేర్చాలి, లేదా మన ఇంటి స్త్రీలను వెంటబెట్టుకుని వెళ్లాలి. వితంతువు ఇద్దత్ 4 నెలల 10 రోజులు, గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ రోజుల్లో ఆమె ఇంటిపట్టునే ఉంటుంది. ఆమెతో చదువుకున్న అక్కచెల్లెళ్లు వెళ్లి కూర్చోవాలి. పెళ్లయ్యాక స్నేహితురాళ్లను మరచిపోవడం స్త్రీలకు సహజమని అంటారు. కాని భర్త పోయిన స్త్రీకి పుట్టింటివారితో కూడా చెప్పుకోలేని మాటలు చిన్ననాటి స్నేహితురాలితో చెప్పుకోగలుగుతుంది.

ముస్లిమేతర సహాధ్యాయులు

మనలో చాలామంది ఊరి బడిలో హిందూ, క్రైస్తవ పిల్లలతో కలిసి చదివినవారే. వారి హక్కు కూడా ఉంది. దైవప్రవక్త (సఅసం) తనకు సేవ చేసే ఒక యూద బాలుడు జబ్బుపడితే స్వయంగా వెళ్లి తల దగ్గర కూర్చున్నారు. ఒక యూదుని శవం వెళుతుంటే లేచి నిలబడ్డారు. యూదునిది కదా అంటే, అది ఒక ప్రాణం కాదా అన్న భావంతో బదులిచ్చారు. మనతో ధర్మం విషయంలో పోరాడని వారిపట్ల సద్వ్యవహారం, న్యాయం పాటించడాన్ని అల్లాహ్ నిషేధించలేదని ముమ్తహినా సూరాలో ఉంది. కాబట్టి వారి ఆరాధనా తంతుల్లో పాల్గొనకుండానే పరామర్శించాలి, ఓదార్చాలి, అవసరానికి ఆదుకోవాలి.

పాత బంధం నిలుపుకోవడం ఈమాన్‌లో భాగం

హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన తర్వాత కూడా దైవప్రవక్త (సఅసం) మేకను జిబహ్ చేసినప్పుడల్లా ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారు. ఈ హదీసును ఇమామ్ బుఖారీ (రహ్మ) ఒకచోట, పాత సంబంధాన్ని చక్కగా నిర్వర్తించడం విశ్వాసంలో భాగమన్న శీర్షిక కింద చేర్చారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మక్కా దారిలో ఒక పల్లెవాసి కనిపిస్తే తన గాడిదనూ, తలపాగానూ ఇచ్చేశారు. వెంట ఉన్నవారు ఆశ్చర్యపోతే, అతని తండ్రి నా తండ్రికి స్నేహితుడని కారణం చెప్పారు. ఈ లెక్కన మన తండ్రిగారి తరగతి మిత్రులు కూడా మన బాధ్యతే. ముసలితనంలో ఒంటరిగా ఉన్న అబ్బాజాన్ స్నేహితుని ఇంటికి ఈ జుమా తర్వాత వెళ్లి సలాం చెప్పిరండి.

ఆచరణ కోసం

1. తరగతి వారందరి పేర్లు రాసి, ఎవరి జాడ తెలియదో వారిని వెతకండి.
2. జబ్బు వార్త తెలిస్తే వీలైనంత త్వరగా వెళ్లండి. దూరాన ఉన్నవారు ఫోనులో మాట్లాడి, ఆ ఊళ్లో ఉన్నవారిని పంపండి.
3. జకాత్, ఇమ్దాద్ లెక్కలు ఇద్దరు నమ్మకస్తుల చేతిలో వేరుగా ఉంచండి. సాయం పొందినవారి పేరు బయటపెట్టకండి.
4. మరణించిన మిత్రుని అప్పుల సంగతి మొదటి వారంలోనే విచారించండి.
5. అనాథల చదువు పూర్తయ్యేవరకు బాధ్యత ఎవరిదో నిర్ణయించుకోండి.
6. చనిపోయిన మిత్రులందరినీ మీ దుఆల్లో పేరుపేరునా తలచుకోండి.

ఈ లోకంలోని స్నేహితులు ప్రళయదినాన ఒకరికొకరు శత్రువులవుతారని, భయభక్తులు గలవారు మాత్రమే మిత్రులుగా మిగులుతారని జుఖ్రుఫ్ సూరా తెలియజేస్తోంది. మన తరగతి స్నేహం ఆ రోజు వరకు నిలవాలంటే అది అల్లాహ్ కోసం జరిగిన స్నేహం కావాలి.

ఓ అల్లాహ్! మాతో కలిసి చదివినవారిలో వ్యాధిగ్రస్తులకు స్వస్థత ప్రసాదించు. వెళ్లిపోయినవారిని క్షమించు. వారి పిల్లలకు మమ్మల్ని ఆసరాగా చేయి. మేము పడిపోయిన రోజున మా పక్కన ఒక పాత మిత్రుణ్ణి నిలుపు. ఆమీన్.